నానా సాంస్

మా చిన్న మాము దగ్గర ఒక క్యాసెట్ ఉంది. అరవై నిమిషాలది. లేబుల్ మీద నీలం ఇంకుతో ‘షేక్ చినమౌలానా సాహెబ్, తిరునాళ్ళ’ అని ఉంటుంది. మా ఖాన్దాన్‌లో ఏ షాదీ జరిగినా, దావత్ అయ్యి పాన్ నోట్లో పెట్టుకున్నాక మాము ఆ కిస్సా ఎత్తుకుంటాడు. ఇందుకూరుపేట అవతల, సముద్రం పక్క ఊళ్ళో గుడి తిరునాళ్ళ. చినమౌలానా సాహెబ్ కచేరీ. ఆయన పక్కన ఆ రాత్రంతా శ్రుతి పట్టింది మా నానా. క్యాసెట్ సబూత్!

ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు, తర్వాత తంజావూరు బాణీ కోసం తమిళదేశం పోయి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి. మరుసటి ఏడే ఇంతెకాల్ అయ్యారు. ఐదు పూటలా నమాజు చేసే చేతులతో రంగనాథుడి ముందు నాదస్వరం పట్టిన మనిషి. అలాంటాయన పక్కన మన నానా అంటే ఎవరికి ఫఖ్ర్ ఉండదు?

శ్రుతి పట్టడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. మేళంలో ఒకడు పాట వాయించడు. ఒత్తు అనే సన్నాయితో ఒక్క స్వరాన్నే, తెగకుండా, గంటలకొద్దీ ఊదుతాడు. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి పీలుస్తూ ఊదాలి. ఎవరూ వాహ్వా అనరు. ఆపితే మాత్రం అందరూ తిరిగి చూస్తారు. శ్రుతి పెట్టెలు వచ్చాక ఆ పని చేసేవాళ్ళు పోయారు. మా నానా చేసింది ఆ పనే. పొద్దున బీడీల అంగడి, పెళ్ళిళ్ళ కాలంలో మేళం.

క్యాసెట్ పాడవకముందే కంప్యూటర్లోకి ఎక్కిద్దామని నెల్లూరులో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయనది అజీబ్ షౌక్. నాదస్వర కచేరీల ప్రైవేటు టేపులు పోగుచేస్తారు. పెళ్ళిళ్ళలో, గుళ్ళలో ఎవరో మైక్‌సెట్ పక్కన పెట్టి పట్టుకున్నవి, కంపెనీలు ఎప్పుడూ వెయ్యనివి. కొనరు, అమ్మరు. ‘నీ దగ్గరుండేది నాకియ్యి, నా దగ్గరుండేది తీసుకో’ అంతే. ఒక రిజిస్టరు ఉంది. ఊరు, తేదీ, డోలు ఎవరు, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, అసలుదా, కాపీయా, కాపీకి కాపీయా. కాపీ కొట్టిన కొద్దీ హుస్స్‌మనే శబ్దం పెరుగుతుంది, దాన్నిబట్టి చెప్పేస్తారు. మనవాళ్ళు హదీసుకు సనద్ అడిగినట్టు ఆయన ప్రతి టేపుకూ సిల్సిలా అడుగుతారు.

నేను లేబుల్ చూపించాను. “ఇది రాసిందెవురు?” అన్నారు. మాము ఇంటర్ చదివేటప్పుడు, ఎవరో చెప్పగా రాశాడని చెప్పాను. “లేబుల్ సాక్ష్యం కాదబ్బాయ్” అని హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు.

మొదటి పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెర మీద ఒక సన్నటి గీత చూపించారు. మైక్‌సెట్ కరెంటు గుర్రుమని చేసే చప్పుడు, వెనకాల ఎప్పుడూ ఉంటుంది. మన దేశంలో అది 50 మీద ఉండాలి. ఈ టేపులో 53 మీద ఉంది. అంటే రికార్డరు బ్యాటరీలు నీరసపడి టేపు మెల్లగా తిరిగింది, ఇప్పుడు సరైన వేగంలో వేస్తే అంతా కీచుగా వస్తా ఉంది. (అప్పట్లో మన కరెంటు 50 మీద నికరంగా నిలిచేదీ కాదు, లెక్కలో కాస్త తేడా ఉంటుంది అన్నారు.) దాన్ని 50కి దించితే శ్రుతి అర కట్టె దిగింది. అయినా ఆయన తల అడ్డంగా ఊపారు. “ఇంకా పైనే ఉండాది. ఇది తిమిరి, పొట్టిది. రాజరత్నం పిళ్ళై వచ్చి పొడుగు బారి నాదస్వరాన్ని నిలబెట్టినాక పెద్ద విద్వాంసులు దానికే పోయినారు. నా దగ్గరుండే మౌలానా గారి టేపుల్లో ఒక్కదాన్లోనూ ఈ శ్రుతి లేదు. రాగం నడిపే దారీ వేరే. ఇది మన పక్కదే. శ్రీరంగం నీళ్ళు తాగింది కాదు.”

నా దిల్ అక్కడే కూలబడింది. మాముకు ఏం జవాబు చెప్పేది?

మాస్టారు మాత్రం ఉషారుగా ఉన్నారు. ఎవరో తెలియని మేళం దొరకడమే ఆయనకు ఈద్. నడుమ జనం అడిగితే ‘శంకరాభరణం’ సినిమా పాట ఒకటి వాయించారు. ఆ సినిమా వచ్చింది 1980 ఫిబ్రవరిలో. నానా వఫాత్ అయ్యింది 1983లో. అంటే ఈ రాత్రి ఆ నడుమే ఎక్కడో ఉంది.

“రెండో పక్క?” అన్నారు.

రెండో పక్క బయాన్. మా పెద్ద ఖాలూ జమాత్‌లో తిరగడం మొదలుపెట్టిన కొత్తలో, క్యాసెట్ పై అంచున పీకేసిన చోట కాగితం అంటించి, గానాబజానా మీద ఒక మౌల్వీ సాబ్ బయాన్ ఎక్కించాడు. దాని మీద ఇంట్లో ఏళ్ళ తరబడి మాటలు లేవు. ఎవరూ ఆ పక్క మళ్ళీ వెయ్యలేదు. మాస్టారికి అట్లాంటి మొహమాటాలు లేవు, ఆఖరిదాకా ఉరికించారు. బయాన్ ఇరవై రెండు నిమిషాలకు దువాతో అయిపోయింది. ఒక టక్‌మనే శబ్దం. వెంటనే సన్నాయి, తెగిపోయిన చోటినుంచి. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉంది!

ఆ ఎనిమిది నిమిషాలు ఫోన్లో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇషా అయ్యాక అమ్మీ, మాము, ఖాలా కూర్చున్నారు. ఖాలూ వరండాలో తస్బీ తిప్పుకుంటున్నాడు. మేళం ముగిసింది. స్వరాలన్నీ ఆగాక కూడా ఒత్తు ఒక్కటే కొంతసేపు మోగి, దిగి, ఆగింది. మైకులో ఎవరో: “సాయిబూ, మీ వాళ్ళని బువ్వకి రమ్మను.” దూరంనుంచి ఒక గొంతు: “వస్తా ఉండాం, సామాన్లు కట్టుకోనీండి.” తర్వాత రెండుసార్లు దగ్గు.

అమ్మీ చెయ్యి ఎత్తింది. “ఫిర్ సే.”

మళ్ళీ వేశాను. దగ్గు దగ్గర ఆపమంది. “అబ్బా కీ ఖాన్సీ హై రే. బీడీ ఖాన్సీ.” నానా పోయేనాటికి అమ్మీకి పద్నాలుగేళ్ళు. మాముకు ఆరు. అతనికి ఆ గొంతు యాదే లేదు. ఇన్నాళ్ళూ అతను మోసింది మౌలానా సాహెబ్ పేరు, గొంతు కాదు.

“మరి మౌలానా సాబ్ కాదంటావా?” అని నన్నడిగాడు. మాస్టారు చెప్పింది చెప్పాను. చాలాసేపు నేలకేసి చూశాడు. “ఆయన మాట ఆఖరా?” అన్నాడు. కాదన్నాను. దగ్గు విని ఒక మనిషిని తేల్చడం కూడా సబూత్ కాదని మాస్టారు అంటారని నాకు తెలుసు. అది అమ్మీకి చెప్పలేదు.

వరండాలో తస్బీ చప్పుడు ఆగిపోయి ఉంది. ఖాలూ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. “మామూ జాన్ గొంతేనా?” అన్నాడు. ఖాలా అవునన్నట్టు తలూపింది. “నేను పూర్తిగా వినకుండా ఎక్కించా” అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి అమ్మీ లేచి అతనికి చాయ్ తెచ్చిచ్చింది.

మరుసటి వారం మాస్టారు తన రిజిస్టరులో రాసుకున్నది చూపించారు. విద్వాంసులు: తెలియదు. కాలం: 1980–83. శ్రుతి దగ్గర మా నానా పేరు, పక్కన ఒక ప్రశ్నార్థకం. క్యాసెట్ తిరిగి మాముకు ఇచ్చేశాను. లేబుల్ అట్లాగే ఉంది, మార్చమని నేను అడగలేదు. కొత్త కాగితం ఒకటి అంటించి, పైన పీకేసిన చోట కప్పిన ముక్కను మాత్రం అతనే గోటితో గీకేశాడు.