నిలబడి వణికే బండి
మా పాత అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్‌ది ఎక్కించినప్పటి నుంచి ఒకటే వణుకు. బండి స్లోలో ఉంటే స్టీరింగు, అద్దం, డోరు హ్యాండిలు అన్నీ దడదడలాడతాయి. అందరూ ఇంజన్‌నే తిడుతున్నారు. అది అన్యాయం. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ, కుదుపూ ఎక్కువే. పెట్రోల్ ఇంజన్ని మోసిన పాత మౌంటింగ్ రబ్బర్లు దాన్నెలా ఆపుతాయి?

న్యూట్రల్‌లో రేజ్ చేసినా వణికితే రబ్బర్లు, ఇంజెక్టర్లు, బాడీకి తగిలే సైలెన్సర్ పైపు చూడాలి. క్లచ్ నొక్కితే తేడా వస్తే క్లచ్ ప్లేటు వైపు వెళ్లాలి. పరుగులోనే వస్తే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టు మీద. కొత్త గేర్‌బాక్సు కోసం దాన్ని కోసి వెల్డింగ్ చేస్తే బ్యాలెన్సింగ్ తప్పనిసరి.

టార్చి వేసి చూశాను. ఎడమవైపు రబ్బరు చీలిపోయి, ఇనుముకి ఇనుము రాసుకుని తళతళలాడుతోంది. మళ్లీ ఇంజన్ దింపించే ముందు, దయచేసి ఆ రబ్బర్లు చూడమనండి.