ఏ పనీ లేకుండా కూర్చోవడం

శుక్రవారం అసర్ నమాజు వేళ దాటాక వాదీ హనీఫాకి వెళ్లాం. రియాద్‌ను ఆనుకుని, ఖర్జూర తోటల మధ్యగా సాగే లోయ.

పక్క చాప మీద ఒక సౌదీ కుటుంబం. ఫ్లాస్కులో గహ్వా (అరబ్బీ కాఫీ), గిన్నెలో ఖర్జూరాలు, చుట్టూ పిల్లల గోల.
వాళ్లలో ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.
చీకటి పడినా లేవలేదు. ఎవరూ లెమ్మనలేదు.

ఒకప్పుడు ఈ లోయలో చెత్త పోసి, మురుగు వదిలేవారట. తర్వాత బాగుచేశారు. రాళ్లు, నాచు, చేపల సాయంతోనే నీళ్లు తేటపడేలా ఏర్పాటు చేశారు. 2010లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు కూడా వచ్చింది.

అవార్డు సంగతి అటుంచండి. నాకు ఆ పెద్దావిడే తెగ నచ్చింది.

తెలంగాణలో మా ఊళ్లోనూ పల్లె ప్రకృతి వనం అనే పార్కు ఉంది. 2020లో మొదలైన పథకం.
"పొద్దుగూకంగ అటు పోయి కూసోరాదే" అన్నా అమ్మతో ఫోన్లో.
"ఆడ నాకేం పని బిడ్డా?" అంది.

రచ్చబండ మీద మగవాళ్లు ఏ పనుందని ఇన్నేళ్లుగా కూర్చుంటున్నారు?!
చెట్లు పెంచాం సరే, ఆడవాళ్లు ఊరికే కూర్చుంటే తప్పు కాదనే మాట ఇంకా వేళ్లూనుకోలేదు.

మీ ఊరి పార్కులో సాయంత్రాలు ఎవరుంటారు?
మీ అమ్మ ఎప్పుడైనా వెళ్లిందా? చెప్పండి.