చెల్లని రూపాయి

మా ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంది. ఒకప్పుడు బిస్కెట్లది. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. అందులో మా దాదా దాచిన హాలీ సిక్కా రూపాయలు పదకొండు, చిల్లర అణాలూ పైసలూ ఒక గుప్పెడు, మడతల దగ్గర చిరిగిన నిజాం కాలపు కాగితం నోటొకటి ఉన్నాయి. మిగతావన్నీ మా అబ్బా పోగేసినవి. కాగజ్‌నగర్ పేపర్‌మిల్లులో పనిచేసినన్నాళ్ళూ జీతం రోజున అందరూ నోట్లు లెక్కపెట్టుకుంటుంటే ఆయన చిల్లర తిరగేసి చూసుకునేవాడట. కరిగించడానికి కంసాలి దగ్గరికి వచ్చిన బిళ్ళల్ని బతిమాలి కొనుక్కొచ్చేవాడు. అమ్మీ నెత్తి కొట్టుకునేది: "చల్తే సో పైసే లావ్ బోలే తో, నై చల్తే సో లాతే తుమ్!" చెల్లే పైసలు తెమ్మంటే చెల్లనివి తెస్తావేంది అని.

పోయిన చలికాలం మా ఆసిఫాబాద్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో పాత నాణేలు, నోట్లు, స్టాంపులు పోగేసేవాళ్ళంతా ఒకరోజు కలుస్తున్నారని ఒక టీచరు మిత్రుడు చెప్పాడు. మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి, చంద్రాపూర్ నుంచి కూడా వస్తున్నారన్నాడు. "అబ్బాను తీసుకురండి. ఆ డబ్బా కూడా తెండి" అన్నాడు. ఆ మాట విని అబ్బా రెండురోజులు నిద్రపోలేదు. చింతపండు పెట్టి బిళ్ళలన్నీ తోముతానంటే ఆపాం. పాత నాణేన్ని తోమితే దాని విలువ పోతుంది. ఆ నలుపే దాని వయసు. ఆదివారం పొద్దున తెల్లకుర్తా, టోపీ వేసుకుని, డబ్బాను దస్తీలో మూటగట్టుకుని మాకంటే ముందే గడప దిగాడు. మా ఇంటామె బుర్ఖా వేసుకుని వెంట వచ్చింది. మొత్తం ముగ్గురం.

గేటు దగ్గర ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళున్నారు. ఒకాయన నడివయసువాడు, సూపర్‌వైజర్. ఇంకొకడు ఇరవై ఏళ్ళ పిల్లగాడు, వదులు యూనిఫాంలో. మా ముందు ఒకాయన రెండు పెద్ద సూట్‌కేసులతో వచ్చాడు. "రండి సార్" అని గేటు తీశారు. ఒక సూట్‌కేసు పిల్లగాడే మోసుకుపోయాడు. మా వంతు వచ్చింది.

"ఏం సాయిబూ, గా మూటల ఏముంది?"

సార్ అంతలోనే సాయిబు అయిపోయింది. అబ్బా నవ్వుతూనే మూట విప్పాడు. బిళ్ళలన్నీ బల్ల మీద పొయ్యమన్నారు. పోశాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాశారు. ఎక్కడివి అన్నారు, ఎవరిచ్చారు అన్నారు, బిల్లు ఉందా అన్నారు. తాత దాచిన రూపాయికి బిల్లెక్కడిది? ఆధార్ కార్డు అడిగి తీసుకున్నారు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయిని సూపర్‌వైజర్ వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నాడు: "అన్నీ నిజాం పైసలేనా? ఇంక గింత పానమా ఆయన మీద?" పక్కనున్న నలుగురూ నవ్వారు. డెబ్బై ఐదేళ్ళ మనిషి, జీవితమంతా మిల్లులో చెమటోడ్చినవాడు, నిజాం మీద ప్రాణం ఎందుకు పెట్టుకుంటాడు? కానీ అబ్బా ఏమీ అనలేదు. కింద పడ్డ రెండు పైసల్ని వంగి ఏరుకుంటున్నాడు.

తర్వాత మా ఇంటామె వంతు. నఖాబ్ ఎత్తమన్నారు, సంచి ఇమ్మన్నారు. "ఆడమనిషిని పిలవండి, చూపిస్తా" అంది ఆమె. ఆడగార్డు లేదు. చట్టం పోలీసులకు కూడా ఆడవాళ్ళను ఆడవాళ్ళే, మర్యాద తప్పకుండా సోదా చెయ్యాలని చెబుతుంది. ప్రైవేటు గార్డుకు పోలీసుకున్నపాటి అధికారం కూడా లేదు. ఇరవై నిమిషాలు ఎండలో నిలబెట్టి, చివరికి హాలు ఊడ్చే ఆమెను పిలుచుకొచ్చారు. ఆమె చీపురు గోడకానించి, కొంగుకు చేతులు తుడుచుకుని, "అమ్మా, నాకేం చూడాల్నో తెల్వది" అంది. ఆ గేటు దగ్గర మా మొహాలు చూసి సిగ్గుపడ్డది ఆమె ఒక్కతే.

ఆ ఇరవై నిమిషాల్లో మేం ఊరికే నిలబడలేదు, లెక్కపెట్టాం. పత్రికలో పనిచేసే అలవాటు. మా పక్కనుంచి పద్నాలుగు మంది లోపలికి పోయారు. ఇద్దరి సంచులు పైపైన చూశారు. ఎవరి బిళ్ళలూ బల్ల మీద పోయించలేదు. ఎవరినీ బిల్లు అడగలేదు.

లోపల ఏం చూశామో చెప్పాలి. హాలు మధ్యలో అన్నిటికంటే ఎక్కువమంది మూగిన బల్ల నిజాం నాణేలదే. ఉస్మాన్ అలీఖాన్ రూపాయి మీద చార్మినార్ కమాను లోపల చిన్న ‘ఐన్’ అక్షరాన్ని, ఆయన పేరులో మొదటి అక్షరాన్ని, భూతద్దం పెట్టి పిల్లలకు చూపిస్తున్నారు. చూపిస్తున్నాయన నుదుట నిలువుబొట్టు. బాగా చెప్పాడు. మేమూ నిలబడి విన్నాం. నిజాం మీద నీకింత ప్రాణమేంది అని ఆయన్నెవరూ అడగలేదు. అడగకూడదు కూడా. ఆయన చేతిలో ఆ రూపాయి చరిత్ర. మా అబ్బా చేతిలో అదే రూపాయి సాక్ష్యం. వెండి ఒకటే, టంకశాల ఒకటే, మారింది చెయ్యి.

పక్క బల్ల మీద నంబరు చివర 786 వచ్చిన నోట్లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అమ్ముతున్నారు. పది రూపాయల నోటు పది రూపాయలకు రాదు. బిస్మిల్లాకు అబ్జద్ లెక్కలో వచ్చే అంకె అది. ‘దీవార్’లో, ‘కూలీ’లో అమితాబ్ బిళ్ళ మీద ఆ అంకె చూసి ఈలలు వేసిన దేశం మనది. బేరమాడి కొంటున్నవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. అదృష్టమట. మా అంకె ముద్దే, మా నాణెం ముద్దే, మా బిర్యానీ ముద్దే. మేమే గేటు దగ్గర ఆగాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మిత్రుడితో చెప్పాం. నొచ్చుకున్నాడు. మంచివాడు. కానీ వెంటనే, "సెక్యూరిటీ కదా, అందరినీ చూస్తరు. మీరు ఎక్కువ ఫీలవుతున్నరు" అన్నాడు. సెక్యులర్ మిత్రులారా, మీ నోట మేం చాలాసార్లు విన్న మాట ఇది. అందరినీ చూస్తే మాకు పేచీ లేదు. నిజానికి ఇట్లాంటి చోట కాపలా గట్టిగానే ఉండాలి. ఒక అష్రఫీ గుప్పిట్లో ఇమిడిపోతుంది, పోతే మళ్ళీ దొరకదు. వచ్చేటప్పుడు ఎవరేం తెచ్చారో రాసి, ఒక నకలు వాళ్ళకే ఇచ్చి, పోయేటప్పుడు సరిచూస్తే తెచ్చినవాడికీ భద్రత, పెట్టినవాడికీ భద్రత. ఏం చూస్తారో గేటు మీద బోర్డు రాసి పెట్టండి. ఆడవాళ్ళ కోసం ఒక ఆడమనిషిని, ఒక పరదాను పెట్టండి. సూట్‌కేసు కూడా బల్ల మీద విప్పించండి. అప్పుడు అబ్బా తన డబ్బాను తానే సంతోషంగా విప్పుతాడు. ఆయనకు చూపించడం ఇష్టం. సోదా వేరు, చూపించడం వేరు.

మరి ఎందుకు ఇంత బాధ అంటే, ఆ డబ్బాకు ఇది మొదటి సోదా కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసినప్పుడు మా దాదా దాన్ని గోడలో పెట్టి మట్టితో మెత్తేశాడు. ఆయన బండి తోలుకుని బతికినవాడు. రజాకార్ కాదు, జాగీర్దార్ కాదు. అయినా నిజాం పైసలు దాచుకున్నట్టు ఇంట్లో దొరికితే ఎవరేమంటారోనని భయం. ఆ రోజుల్లో మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా వైపు జరిగినవాటి కబుర్లు ఇక్కడిదాకా వచ్చాయి. అప్పటి చావులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటపడలేదు. హాలీ సిక్కా 1959లో పూర్తిగా చెల్లకుండా పోయేదాకా దాదా గోడ పగలగొట్టలేదు. చెల్లుబాటయ్యే రోజుల్లో భయపడి దాచాడు, చెల్లనిదయ్యాక ధైర్యంగా తీశాడు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇండియా రూపాయలు వచ్చే కాలం దాటిపోయింది. ఆ పదకొండు రూపాయలూ అందుకే మాకు మిగిలాయి.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజు చదువుతున్నవాళ్ళు చచ్చిపోయారు. పట్టుకుపోయి హింసించింది కూడా ముస్లిం పిల్లల్నే. తర్వాత కొన్నేళ్ళకు ప్రభుత్వం వాళ్ళలో కొందరికి పరిహారంతో పాటు మంచి నడవడి పత్రాలిచ్చింది. ఆలోచించండి. తప్పు చెయ్యలేదని కాగితం జేబులో పెట్టుకు తిరగాల్సిన జాతి ఏమిటి? ఫంక్షన్ హాలు గేటు దగ్గర అబ్బా దగ్గర లేనిది ఆ కాగితమే.

మేం నిజాంను మొయ్యడానికి రాలేదు. ఈ అడవుల్లో గోండుల మీద పన్నులు వేసి, పోడు భూముల్లోంచి గెంటింది ఆయన సర్కారే. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ సర్కారు తుపాకులకే. మా దాదా బండి తోలింది కూడా ఆ సర్కారు కిందే. మతం ఒకటైనంత మాత్రాన రాజు చుట్టం కాడు. భీం ఎత్తిన జల్, జంగల్, జమీన్ అనే మాటల్లో జమీన్ మా ఇంట్లో రోజూ మాట్లాడే ఉర్దూ. 2016 అక్టోబర్ 11న మా ఊరు జిల్లా అయినప్పుడు దానికి పెట్టిన పేరు కుమ్రం భీం ఆసిఫాబాద్. ఆసఫ్‌జాహీల పేరు, వాళ్ళతో కొట్లాడినవాడి పేరు ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఆ బోర్డు కింద నిలబడి బస్సెక్కే వాళ్ళెవరికీ దానితో ఇబ్బంది లేదు. చరిత్రను అట్లా కలిపి మొయ్యడం మా ఊరికి తెలుసు. గేటుకే తెలియలేదు.

సాయంత్రం బయటికి వచ్చేటప్పటికి సూపర్‌వైజర్ లేడు. పిల్లగాడొక్కడే ఉన్నాడు. అబ్బాను చూసి లేచి నిలబడి కుర్చీ జరిపాడు.

"తాతా, పొద్దుగాల గట్లయింది, ఏమనుకోకు. మా అవ్వ మెడల గివే ఉంటయి. దండ కుట్టిచ్చుకున్నది."

జైనూరు దిక్కు గూడెమట. గోండు పిల్లగాడు. అవ్వ మెడలో హాలీ రూపాయలు. ఆమె ఆ దండతో అంగడికి పోతుంది, పెళ్ళికి పోతుంది, ఎవరూ పొయ్యమనరు. ఎన్ని గంటల డ్యూటీ అని అడిగితే పన్నెండు అన్నాడు. ట్రైనింగేమైనా ఇచ్చారా అంటే నవ్వాడు. యూనిఫాం ఇచ్చారు, అంతే. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం గార్డులకు శిక్షణ ఉండాలంటుంది. వాడికి నేర్పిందల్లా పొద్దున సూపర్‌వైజర్ మా ముందర నేర్పిందే.

అబ్బా కుర్తా జేబులోంచి ఇప్పటి పది రూపాయల నోటు తీశాడు. వెనకవైపు భాషల వరస చూపించాడు. "చివరికెల్లి రెండోది చదువు." పిల్లగాడు చదివాడు, పది రూపాయలు. "దాని కింద?" వాడికి రాదు. "ఉర్దూ," అన్నాడు అబ్బా, "దస్ రూపయే. నా డబ్బాల ఉన్న నిజాం నోటు మీద గూడ ఉర్దూ ఉన్నది, తెలుగు ఉన్నది. అప్పుడూ రెండు, ఇప్పుడూ రెండు." అక్షర క్రమంలో అట్లా పక్కపక్కన పడ్డాయంతే. ఎవరూ కావాలని పెట్టలేదు. మేమూ ఇక్కడ అట్లాగే పక్కపక్కన పుట్టాం.

పిల్లగాడు నోటు తిరిగిచ్చాడు. కాసేపు నేల చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"తాతా, పోయేటప్పుడు గూడ లెక్క చూడమన్నరు."

అబ్బా కుర్చీలో కూర్చున్నాడు. దస్తీ విప్పి, మూత తీసి, బిళ్ళలన్నీ మళ్ళీ బల్ల మీద పోశాడు. లెక్క సరిపోయింది.