నాయకుల చరిత్రలు, ఒక పలుచని పుస్తకం

మా వార్షిక సంచికకు రెండు ముఖద్వారాలు. కుడివైపు నుంచి తెరచిన వారికి ఉర్దూ రచనలు, ఎడమవైపు నుంచి తెరచిన వారికి తెలుగు రచనలు ఎదురవుతాయి. రెండు లిపులూ నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. ఈ తెలుగు పుటలలో కోనసీమ ప్రసక్తి వచ్చినప్పుడల్లా కొబ్బరితోటలు, గోదావరి పాయలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం తప్పక దర్శనమిస్తాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి వచ్చి ఈ కళాశాలలో చదువుకొన్న వారము, చదువు చెప్పుతున్న వారము నలుగురము కలసి ఈసారి వాటిని అట్లా ఉంచి, మా ప్రాంతపు పుస్తకాల అరను గురించి వ్రాయదలచాము. కథలు, కావ్యాలు ఉన్న అర కాదు. నాయకుల జీవితాలను, మనుషుల హక్కులను, సంఘాన్ని గురించి వ్రాసిన పుస్తకాలున్న అర. ఇవి పరీక్షలకు పనికిరావు. పెండ్లిలో కానుకగా ఇచ్చేవారూ లేరు. అయినా 2022 వేసవిలో అవే మాకు అక్కరకు వచ్చాయి.

మేము ఎరిగిన శాఖా గ్రంథాలయాలలో జీవితచరిత్రల అర తక్కిన అరలకంటె బరువైనది. ఎక్కువ దుమ్ము పట్టినదీ అదే. గాంధీ, నెహ్రూ, బోసు, పటేలు వరుసగా నిలిచి ఉంటారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి 'నా జీవిత యాత్ర' వంటిది చేతికి అందినప్పుడు ఒక మనిషి మన ఎదుట కూర్చుని మాట్లాడుతున్నట్లు ఉంటుంది. తక్కినవాటిలో పెక్కింటికి ఆ భాగ్యం లేదు. నాయకునికి షష్టిపూర్తి కాగానే వెలువడే సన్మాన సంచికల సంగతి చెప్పనే అక్కరలేదు. అట్టమీద గజమాల, లోపల ప్రముఖుల సందేశాలు, ఆపైన వంశవర్ణన. పసితనంలోనే పరోపకారబుద్ధి, యౌవనంలో త్యాగనిరతి, పదవిలో నిరాడంబరత. ఆ నాయకునికి జీవితంలో ఒక్కనాడూ కోపం రాలేదు, ఒక్క అప్పూ మిగలలేదు, ఒక్క మిత్రుడూ దూరం కాలేదు. అట్టివి రెండు చదివిన తరువాత మూడవదానిలో పేర్లు మార్చుకొని చదువుకోవచ్చునని మాలో ఒకరు అనేవారు.

చరిత్రలో వదలివేసిన పుటలే ముఖ్యమైనవని మాకు మొదట తోచినది ఉర్దూ విభాగపు మిత్రుల మూలాన. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ తమ స్వాతంత్ర్యోద్యమ స్మృతులను ఉర్దూలో చెప్పగా, హుమాయూన్ కబీర్ వాటిని ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. ఆజాద్ 1958 ఫిబ్రవరిలో కన్నుమూశారు. గ్రంథం 1959లో వెలువడినది. కాని అందులో సుమారు ముప్ఫై పుటలను ప్రకటించక, ముద్రవేసి, కలకత్తాలోని జాతీయ గ్రంథాలయంలోను, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోను భద్రపరచారు. ముప్ఫై ఏండ్లు గడచిన పిమ్మట, 1988లో గాని పూర్తి గ్రంథం లోకానికి దక్కలేదు. ఈ సంగతి విన్నది మొదలు, ఏ నాయకుని చరిత్ర చేతబట్టినా ఇందులోని ముప్ఫై పుటలు ఎక్కడున్నవో అని వెదకడం మాకు అలవాటైనది.

మా కోనసీమ నాయకుల విషయంలో ఆ వెదుకులాటకు అవకాశమే తక్కువ. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ సభాపతి అయ్యారు. ఆ పీఠం అధిష్ఠించిన తొలి దళితుడు ఆయన. 2002 మార్చి 3న కైకలూరు సమీపాన హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. యానానికి, ఎదుర్లంకకు నడుమ గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరున్నది. నిత్యమూ దాని మీదుగా రాకపోకలు సాగించే మా ప్రాంతపు పిల్లలకు, అటువంటి ఊరినుంచి అంతటి పీఠానికి నడిచిన దారి ఎట్టిదో చెప్పే పెద్ద గ్రంథం మా అరలో ఉండవలసినది. వంతెన మాత్రమే ఉన్నది. విగ్రహానికి చందాలు పోగైనంత సులువుగా పుస్తకానికి పోగుకావు కాబోలు.

విగ్రహాల మాట వచ్చినది గనుక అంబేద్కర్‌గారి మాటా రావలసినదే. ధనంజయ్ కీర్ వ్రాసిన ఆయన చరిత్ర 1954లో, ఆయన బ్రతికి ఉండగానే వెలువడినది. ఆయనను గురించిన పుస్తకాలకంటె ఆయన వ్రాసినవే మమ్ములను ఎక్కువగా పట్టి నిలిపాయి. 1943 జనవరి 18న పూనాలో, రానడే 101వ జయంతి సభలో ఆయన చేసిన ప్రసంగం 'రానడే, గాంధీ, జిన్నా' అనే చిన్న పుస్తకంగా వచ్చినది. జయంతి సభలో నిలబడి వీరపూజనే నిలదీసిన ప్రసంగమది. గొప్పవాడు అనిపించుకొనే వానిని ఏ కొలతతో కొలవాలో అందులో తర్కించారు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ, మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు గాని రాజకీయాలలో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి తీస్తుందన్న భావం మరింత సూటిగా చెప్పారు. ఇంతగా చెప్పిన మనిషి విగ్రహం లేని ఊరు మా సీమలో అరుదు. ఈ పుస్తకాలున్న ఊళ్ళు ఎన్ని అని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

ఆ పేరే మా సీమలో చిచ్చుకు కారణమైనది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా అవతరించినది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు మార్చదలచినట్లు ప్రభుత్వం మే 18న ప్రకటించి అభ్యంతరాలు కోరినది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారినది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగులబడ్డాయి, పోలీసులు గాయపడ్డారు. అంతర్జాలం కొన్ని దినాలు నిలిచిపోయినది. ఆ ఏడాదే ఆగస్టులో కొత్త పేరు ఖరారైనది. అప్పటి ఆవేశాలను ఇక్కడ తిరుగదోడడం మా ఉద్దేశం కాదు. తగులబడిన ఇండ్లకు ఏ వాదమూ జవాబు కాదని మాత్రం చెప్పి ముందుకు సాగుతాము.

మంటలు ఆరిన తరువాత అరెస్టులు మొదలైనవి. వీడియోలు చూసి గుర్తుపట్టి, పలువురు యువకులను తీసుకుపోయారు. మా ఎరుకలోని ఒక ఊరి నుంచి కూడా ఒక కుర్రవానిని తెల్లవారుజామున తీసుకుపోగా, వాని తల్లి మాలో ఒకరి ఇంటికి వచ్చినది. "ఎక్కడ పెట్టారో చెప్పేవోళ్ళు లేరు బాబూ. ఈ ఠాణాకెళ్తే ఆ ఠాణా అంటన్నారు. మీరు సదూకున్నోళ్ళు గదా, ఎవర్నడగాలో సెప్పండి" అన్నది. ఆ కుర్రవాడు గుంపును చూడడానికే వెళ్ళినాడో, రాయి విసిరినాడో మాకు తెలియదు, తేల్చవలసినది న్యాయస్థానం. కాని ఆ తల్లి అడిగినది నేరం సంగతి కాదు. కొడుకు ఎక్కడ ఉన్నాడన్నది ఒక్కటే.

"కూర్చోండి పిన్నిగారూ" అని ఆమెను కూర్చోబెట్టి, మా వాడు తండ్రిగారి ట్రంకుపెట్టె తెరచి ఒక పలుచని పుస్తకం వెలికి తీశాడు. 'పోలీసులు అరెస్టు చేస్తే' దాని పేరు. రచయిత బొజ్జా తారకం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ.

తారకంగారు మా సీమవారే. 1939లో కందికుప్పలో జన్మించారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి అంబేద్కర్ అనుయాయి, శాసనసభ్యులుగా పనిచేసినవారు. తారకం నిజామాబాదులో న్యాయవాదిగా ఉండగా 1975 నాటి అత్యవసర పరిస్థితిలో జైలుపాలయ్యారు. తరువాత హైదరాబాదులో హైకోర్టు న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1985 జూలై 17న కారంచేడులో దళితులను ఊచకోత కోసినప్పుడు ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా ఇచ్చి బాధితుల పక్షాన నిలిచారు. 'కులం-వర్గం' వంటి సిద్ధాంత గ్రంథాన్ని, 'నది పుట్టిన గొంతుక' వంటి కవితా సంపుటిని రచించిన ఆయనే ఈ చిన్న పుస్తకమూ వ్రాశారు. 2016 సెప్టెంబరు 16న కన్నుమూశారు. ఆయన రచనలలో పండితులు దేనిని మెచ్చుకొంటారో గాని, మా ఓటు మాత్రం ఈ పలుచని పుస్తకానికే. చట్టాన్ని చదువురాని వాని భాషలోకి దించడం కవిత్వం కంటె సులువని మేము అనుకోము. అది వ్రాయడానికి చట్టం ఒక్కటే తెలిస్తే చాలదు. ఠాణా గడపలో నిలబడిన వాని నోరు ఎట్లా ఎండిపోతుందో కూడా తెలియాలి. జైలు చూసిన న్యాయవాది గనుక ఆయనకు అది తెలిసినది.

ఆ పూట మేము దానిని పైకి చదివి వినిపించాము. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించనివ్వాలి. ప్రయాణకాలం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. ఇవి రాజ్యాంగం 22వ అధికరణంలోని మాటలు. పుస్తకం వచ్చిన చాలా ఏండ్లకు, 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మరికొన్ని చేర్చినది: అరెస్టు పత్రం వ్రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, బంధువుకు గాని మిత్రునికి గాని కబురు చేయాలి, వైద్యపరీక్ష జరిపించాలి. మానవహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఆత్మకథకు '24 గంటలు' అని పేరు. ఆ పేరు చూసినప్పుడల్లా మాకు ఆనాటి గోడ గడియారం జ్ఞాపకం వస్తుంది. తల్లి దాని వంకే చూస్తూ, "పొద్దున్న నాలుగింటికి తీసుకెళ్ళారండి" అని పదేపదే అన్నది. మేము వ్రాసి ఇచ్చిన నాలుగు ప్రశ్నల కాగితం పట్టుకొని, ఒక న్యాయవాదిని వెంటబెట్టుకొని వెళ్ళినది. మరునాడు తెల్లవారకముందే కుర్రవానిని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచారు. కాగితం వలననో, న్యాయవాది వలననో, అట్లు జరగవలసియే జరిగినదో చెప్పలేము. కొడుకును కండ్లారా చూసినానని మాత్రం ఆమె ఫోను చేసి చెప్పినది. బెయిలుకు చాలా కాలం పట్టినది.

తరువాత ఆ అధికరణం పుట్టుపూర్వోత్తరాలను వెదకి చదివాము. రాజ్యాంగ ముసాయిదాలో మొదట అది లేదు. ప్రాణస్వేచ్ఛలకు సంబంధించిన అధికరణం నుంచి, చట్టం అమలయ్యే తీరు న్యాయసమ్మతంగా ఉండాలనే రక్షణ జారిపోయినదని సభలోను, బయటా అసంతృప్తి చెలరేగినది. ఆ లోటును కొంతైనా పూడ్చడానికి 1949 సెప్టెంబరు 15న ఒక కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. కారణం చెప్పడం, న్యాయవాది, 24 గంటలు అన్నీ అందులోనివే. నిర్బంధ చట్టాలకు అందులోనే చోటిచ్చారని సభ్యులు తీవ్రంగా విమర్శించారు కూడా. ఆ విమర్శ నేటికీ చెల్లుతుంది. సభలో దానిని ప్రవేశపెట్టినవారు డాక్టర్ అంబేద్కర్. ఆయన పేరు వద్దన్న నిరసనలో పట్టుబడ్డ కుర్రవానికి, ఆయన పెట్టిన అధికరణమే, ఆయన అనుయాయి కుమారుడు వ్రాసిన పుస్తకం గుండా ఎదురువెళ్ళినది. ఈ సంగతి ఆ తల్లికి చెప్పాలా వద్దా అని మాలో మేము తర్జనభర్జన పడ్డాము. చెప్పాము. ఆమె కాసేపు మాటాడలేదు. "ఆయ్, అలాగాండీ" అని, ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగినది.

2024 జూలై 1 నుంచి పాత నేరశిక్షాస్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చినది. రక్షణలు చాలావరకు నిలిచి ఉన్నా సెక్షన్ల అంకెలు మారినవి. 24 గంటల నిబంధన పాత స్మృతిలో 57వ సెక్షను, కొత్తదానిలో 58; బంధువుకు కబురు చేయడం పాతదానిలో 50-ఏ, కొత్తదానిలో 48. మేము నలుగురము ఒక ఆదివారం కూర్చుని, ట్రంకుపెట్టెలోని ప్రతి అంచుల మీద ఈ కొత్త అంకెలను పెన్సిలుతో వ్రాశాము. ఉర్దూ మాత్రమే చదువగల ఇండ్ల కోసం అందులోని ముఖ్యాంశాలను రెండు పుటలలో ఉర్దూలో వ్రాసి ఇవ్వడానికి ఆ విభాగపు మిత్రులు పూనుకొన్నారు. అది ఈ సంచికలోనే, కుడివైపు నుంచి తెరచిన వారికి, చివరి పుటలలో కనిపిస్తుంది. పెన్సిలు అంకెలున్న ప్రతి ప్రస్తుతం కొత్తపేటలో ఒక మిత్రుని వద్ద ఉన్నది; తరువాతి వంతు రాజోలుది.