పేరు తప్పితే దొరకని పుస్తకం

పందొమ్మిదో శతాబ్ది చివర నుంచి ఇరవయ్యో శతాబ్ది మధ్య దాకా తెలుగులో అచ్చయిన పుస్తకాల్లోను, పత్రికల్లోను ఎంతో భాగం ఇవాళ రుసుము చెల్లించకుండా, ఎవరి సిఫారసు ఉత్తరమూ లేకుండా చేతిలోని ఫోనులో చదువుకోవడానికి వీలవుతున్నది. అయినా ఈ సంపద పరిమాణంతో పోలిస్తే దాన్ని వాడుకుంటున్నవారు కొద్దిమందే, అందుకు పాఠకుల నిరాసక్తత ఒక్కటే కారణమనుకోవడం న్యాయం కాదు. పుస్తకాన్ని తెరమీదికి తేవడం ఒక పని, తెచ్చినదాన్ని అడిగినవారికి దొరికేలా చేయడం మరో పని. మొదటిది యంత్రాలతోను నిధులతోను చాలావరకు జరిగిపోయింది, రెండోది భాష తెలిసిన మనుషుల ఓపికను కోరుతుంది కనుక ఎక్కడిదక్కడే నిలిచిపోయింది.

విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, ఆర్కైవ్స్ తమ దగ్గరున్న వ్యాసాలను, సిద్ధాంత గ్రంథాలను, రాతప్రతులను, పాత పత్రికలను కంప్యూటరు ఫైళ్లుగా మార్చి, ఎవరైనా ఉచితంగా చదివేందుకు, దించుకొనేందుకు ఒకచోట పెట్టిన ఏర్పాటునే ఓపెన్ డిజిటల్ భాండాగారం అంటారు. దీనికి బాట వేసినవారిలో ముందుగా చెప్పుకోవలసినవారు భౌతికశాస్త్రవేత్తలు: పత్రికలో అచ్చు కావడానికి నెలలు పట్టే వ్యాసాన్ని ముందుగానే నకళ్లు తీసి సహచరులకు తపాలాలో పంపుకొనే అలవాటు వారికుండేది, ఆ నకళ్లను ప్రీప్రింట్లు అనేవారు, 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ ఆ పంపకాన్ని కంప్యూటరుకు అప్పగించగా, అదే పెరిగి పెద్దదై 2001 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తున్నది. 2002లో వెలువడిన బుడాపెస్టు ప్రకటన ఈ అలవాటుకు ఒక సిద్ధాంత రూపమిచ్చి, పరిశోధన వ్యాసాన్ని చదవడానికే కాక నకలు తీసుకోవడానికీ పంచుకోవడానికీ కూడా అడ్డంకి ఉండరాదని స్పష్టంగా నిర్వచించింది.

తెలుగువారికి ఈ ఉద్యమంతో ఉన్న బంధం భౌతికశాస్త్రం ద్వారా కాక పాత పుస్తకాల ద్వారా ఏర్పడింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కృత్రిమ మేధ పరిశోధనకు పేరుపొంది, 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే బృహత్ప్రయత్నానికి నాయకత్వం వహించారు. ఆ ప్రయత్నానికి భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు దానికి ఆలంబనమయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని పుస్తకాలు కూడా అలా స్కానరు కిందికి వెళ్లాయి. ఆ ప్రతుల మొదట్లో బైండింగు బిగువుగా ఉన్నదనో, లోపలి పుటల్లో అచ్చు చెదిరి ఉన్నదనో హెచ్చరించే చీటీ కనిపిస్తుంది. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీలు ముద్ర వేసిన కాగితం కూడా స్కానులో పడి, ఎన్నడో ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లిన పాఠకుల ఆనవాళ్లను భద్రపరిచింది. గ్రంథ చరిత్ర రాయదలచినవారికి ఆ తేదీల కాగితం కూడా ఆధారమే.

ఈ పనిని తొందరపాటు పనిగా తీసిపారేయడం చాలామందికి అలవాటైంది, వంకర పుటలు, తెగిపోయిన అంచులు చూసినప్పుడు ఆ విసుగు సహజమే. కాని ఆమ్లం చేరిన చవక కాగితం మీద అచ్చయిన పుస్తకాలు ముట్టుకుంటే పొడి అయ్యే స్థితికి వచ్చిన కాలంలో, వాటి రూపాన్ని ఎలాగో ఒకలా పట్టి నిలిపినవారికి తెలుగు పాఠకులు రుణపడి ఉన్నారు. అసలు నష్టం స్కానులో కంటే స్కానుకు తగిలించిన చీటీలో ఎక్కువగా జరిగింది.

ఆ చీటీని మెటాడేటా అంటారు: పుస్తకం పేరు, కర్త, ప్రచురణకర్త, సంవత్సరం, భాష, విషయం వంటి వివరాల పట్టిక. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణంలో జరిగిన సమావేశం నుంచి పుట్టి, ఆ ఊరి పేరుతోనే డబ్లిన్ కోర్ అని పిలవబడుతున్న పదిహేను గడుల నమూనా ఇందుకు ప్రపంచమంతటా ఆధారం. పుస్తకం ఒక బొమ్మల దొంతరగా మాత్రమే ఉన్నప్పుడు, వెదికే యంత్రానికి ఆ గడులు తప్ప మరేమీ కనిపించదు. తెలుగు పుస్తకాల విషయంలో ఆ గడులను ఇంగ్లీషు లిపిలో నింపారు, ఏ లిప్యంతరీకరణ పద్ధతినీ పాటించకుండా చెవికి తోచినట్లు నింపారు. శ అక్షరానికి ఒకరు ఎస్ ఒక్కటే వేస్తే మరొకరు పక్కన హెచ్ చేర్చారు. దీర్ఘాన్ని ఒకచోట రెండు అచ్చులతో చూపి మరొకచోట వదిలేశారు. గ్రాంథిక రూపమైన మువర్ణకాన్ని కొందరు ఉంచారు, కొందరు తీసేశారు. అందువల్ల ‘చరిత్రము’ అన్న ఒక్క మాట కోసమే నాలుగైదు రకాలుగా వెదకవలసి వస్తుంది, వెదికినవారు మొదటి రెండు ప్రయత్నాలతోనే ఆ పుస్తకం లేదనుకొని వెళ్లిపోతారు.

కర్తల పేర్ల దగ్గర చిక్కు మరింత ముదిరింది. పాశ్చాత్య పద్ధతి ప్రకారం వంశనామాన్ని చివరి నుంచి తెచ్చి ముందు పెట్టి కామా వేస్తారు; ఇంటిపేరు మొదటే ఉండే తెలుగు పేర్లకు ఆ సూత్రాన్ని గుడ్డిగా వర్తింపజేస్తే కందుకూరి వీరేశలింగం ఒకచోట క అక్షరం కింద, మరొకచోట వీ కింద, వేరొకచోట పంతులు అన్న మాట కింద చేరి ముగ్గురు రచయితలవుతారు. గ్రంథాలయ శాస్త్రంలో దీనికి మందు ఎప్పటినుంచో ఉన్నది: ఒక వ్యక్తికి ఉన్న రూపాంతరాలన్నింటినీ ఒకే ప్రామాణిక నామానికి ముడివేసే పట్టికను తయారుచేస్తారు, ఇప్పుడు వికీడేటా వంటి చోట్ల ఆ వ్యక్తికి ఒక సంఖ్యను కూడా ఇస్తారు. తెలుగు రచయితలందరికీ ఇటువంటి పట్టిక ఒకటి సమగ్రంగా సిద్ధమైతే, లక్షల పుటలు మళ్లీ స్కాన్ చేసినా రాని ప్రయోజనం దానితో వస్తుంది.

సంవత్సరం గడి సంగతి వేరే చెప్పాలి. పాత పుస్తకాల ముఖపత్రాల మీద క్రీస్తు శకానికి బదులు ప్రభవాది నామాలను ముద్రించడం పరిపాటి, ఆ అరవై పేర్లు మళ్లీ మళ్లీ తిరిగివస్తాయి. ప్రభవ అని మాత్రమే ఉంటే అది 1867లో మొదలైనదో, 1927లో మొదలైనదో అచ్చు తీరును, కాగితాన్ని, పీఠికలో ప్రస్తావించిన వ్యక్తులను చూసి నిర్ణయించాలి. దినసరి లెక్క మీద వందల పుస్తకాల వివరాలు ఎక్కించే ఉద్యోగి ఆ విచారణ చేయలేడు, అతన్ని తప్పుపట్టడం కూడా తగదు. అయితే ఆ గడిలో పడిన అంకెను నమ్మి పరిశోధకుడు ఒక నవలను అరవై ఏళ్లు వెనక్కి నెట్టితే, సాహిత్య చరిత్రలో ‘మొట్టమొదటి’ అన్న విశేషణం తప్పు చోట పాతుకుపోతుంది.

పుట బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ అనే పద్ధతి ఈ బాధను కొంత తీర్చగలదు, ఎందుకంటే అప్పుడు చీటీ తప్పయినా లోపలి మాటతో పుస్తకం దొరుకుతుంది. కాని తెలుగు అచ్చులో గుణింతపు గుర్తు అక్షరం పైన, ఒత్తు కింద, మరికొన్ని పక్కన చేరతాయి. పాత ముద్రణల్లో అరసున్నలు, బండిరలు, అరిగిపోయిన సీసపు అచ్చులు తోడవుతాయి. ఒక్క తలకట్టు చెరిగితే యంత్రం మరో అక్షరంగా చదువుతుంది. ఇందుకు భిన్నంగా షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1903 నాటి ముద్రణ బొమ్మలుగా కాక అక్షరాలుగా ఉన్నందున, ఏ మాటనైనా క్షణంలో చూపుతుంది. అక్షరంగా మారిన ఒక్క నిఘంటువు బొమ్మలుగా మిగిలిన వేల పుస్తకాల కంటే ఎక్కువమంది చేతుల్లో నలుగుతున్నదంటే అతిశయోక్తి కాదు.

విశ్వవిద్యాలయ పరిశోధన వైపు చూస్తే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహిస్తున్న శోధగంగ ఈ దేశంలో అత్యంత విలువైన భాండాగారాల్లో ఒకటి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2009లో నిబంధన పెట్టిన తరవాత, అంతవరకు ఆచార్యుల గదుల బీరువాల్లో ధూళి పట్టిన గ్రంథాలు అధ్యాయాలవారీ ఫైళ్లుగా లోకానికి కనిపించసాగాయి. వాటి విలువ వాదనల్లో కంటే అనుబంధాల్లో ఎక్కువగా ఉన్నదని చెప్పడం సాహసమనిపించవచ్చు, కాని జానపద సాహిత్యం మీద, వృత్తి పదజాలం మీద, మాండలికాల మీద వచ్చిన తెలుగు పరిశోధనలను తిరగేసినవారు కాదనలేరు: పరిశోధకుడు ఊళ్లు తిరిగి రాసుకొన్న పాటలు, చేనేత మగ్గంలోనో ఎద్దుబండిలోనో ఒక్కొక్క భాగానికి ఆ ఊరివారు వాడే పేర్లు, కథకులతో జరిపిన సంభాషణలు చివరి పుటల్లో ఉంటాయి. సిద్ధాంతం పుస్తకంగా అచ్చయితే ప్రచురణకర్త ఖర్చు తగ్గించడానికి మొదట కోసేసేది ఆ పుటలనే, కనుక అనేక సందర్భాల్లో అవి భాండాగారంలో తప్ప మరెక్కడా మిగలవు.

ఆ పుటలు కూడా వెదుకులాటకు చిక్కడం లేదు. చాలాకాలం తెలుగు డీటీపీ అంతా అను వంటి ఫాంట్లతో సాగింది. వాటిలో తెలుగు అక్షరం కంటికి తెలుగుగా కనిపించినా కంప్యూటరు దాన్ని ఇంగ్లీషు అక్షరాల సంకేతంగానే దాచుకొంటుంది, నకలు తీసి అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికి ఒక స్థిర సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆచార్యుల గదులకు, వీధిచివర డీటీపీ కేంద్రాలకు అది చేరడానికి ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలపు పరిశోధన అంతా కళ్లకు కనిపిస్తూ యంత్రానికి కనిపించని స్థితిలో ఉండిపోయింది. ఈ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి కనుక, ఇది సంకల్పం ఉంటే తీరే లోపమే.

దొరకడం ఒక సమస్య అయితే నిలవడం అంతకన్న పాతది. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగు పండితుల సాయంతో ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలు, అంటే కైఫీయతులు, 1821లో ఆయన మరణించాక లండను, కలకత్తా, మద్రాసుల మధ్య చెదిరిపోయాయి. మద్రాసుకు దక్కినవి పురుగుల పాలవుతుండగా సి.పి. బ్రౌను లేఖకులను పెట్టి వాటికి నకళ్లు రాయించకపోతే, ఎన్నో గ్రామాల గాథలు ఈ తరానికి అందేవి కావు. డిజిటల్ యుగంలోనూ నకలే రక్షణ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు 2017లో కాపీహక్కుల చిక్కుల నడుమ మూతపడింది; అప్పటికే ప్రజాసమాచార ఉద్యమకారుడు కార్ల్ మలమూద్ చొరవతో నాలుగు లక్షలకు పైబడిన పుస్తకాలు, బ్రూస్టర్ కాహ్ల్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకళ్లుగా చేరి ఉండడం వల్లనే తెలుగు పాఠకులు వాటిని పోగొట్టుకోలేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడితో బ్రిటన్ సిద్ధాంత గ్రంథాల భాండాగారమైన ఎథోస్ మూగబోయింది. మరుసటి అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా దాడికి గురై కొన్నాళ్లు ఆగిపోయింది. సంపన్న సంస్థలకే తప్పని గండం ఇది, కాబట్టి తెలుగు గ్రంథ సంపద ఒక్క విదేశీ సర్వరు మీద ఆధారపడి ఉండడం క్షేమం కాదు. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికల కట్టలను దశాబ్దాల తరబడి కాపాడిన శ్రద్ధకు, వాటి డిజిటల్ ప్రతులను రెండు మూడు వేర్వేరు ఊళ్లలో ఉంచే ఏర్పాటు తోడు కావాలి.

కాపీహక్కు పేరు చెప్పి అన్నింటినీ మూసిపెట్టవలసిన పని లేదన్నది కూడా తెలిసి ఉండాలి. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కించి అరవై ఏళ్లు గడిస్తే, ఆయన జీవితకాలంలో వెలువడిన రచనలు సర్వజనుల సొత్తవుతాయి. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాలు 2014 జనవరి 1 నుంచి అలా స్వేచ్ఛ పొందాయి. అటువంటి రచనలకు తెలుగు వికీసోర్స్‌లో ఒక పద్ధతి నడుస్తున్నది: పుట బొమ్మ ఒక పక్క, టైపు చేసిన పాఠం మరో పక్క ఉంచి, ఒకరు సరిచూస్తే పసుపు రంగు గుర్తు పడుతుంది, మరో వ్యక్తి మళ్లీ సరిచూసిన తరవాతే అది ఆకుపచ్చగా మారుతుంది. ఒకే మనిషి రెండుసార్లు చూడడం చెల్లదు. లేఖకుడు రాసిన ప్రతిని పండితుడు మూలంతో సరిపోల్చే పాత మర్యాదే ఇది, జీతం లేకుండా, ఊరూ పేరూ తెలియని ఇద్దరు పాఠకుల మధ్య జరుగుతున్నది.

సిద్ధాంత గ్రంథాల అనుబంధాలకూ ఇటువంటి ఏర్పాటు కావాలి. ఆ పాటల పుటలను యూనికోడ్‌లోకి మార్చి, పాడినవారి పేరు, ఊరు, సేకరించిన సంవత్సరం గడుల్లో నింపి విడిగా అందుబాటులో పెట్టడానికి యంత్రాల కంటే ముందు అనుమతులు అవసరం, ఎందుకంటే వాటి హక్కులు ఇంకా పరిశోధకులవే, పాడినవారి కుటుంబాలకు కూడా ఆ సేకరణలో ఒక మాట ఉండాలి. ఊళ్లు తిరిగి ఆ పాటలు రాసుకొన్న పరిశోధకుల్లో చాలామంది ఇప్పటికే ఉద్యోగ విరమణ చేశారు. ఏ పాట ఎవరి నోట విన్నారో, తాము రాయకుండా వదిలిన చరణాలు ఏవో ఈ రోజు అడిగితే వారే చెప్పగలరు.