రెండు నత్రజని కర్మాగారాలు

సూరత్ నగరానికి చేరువలో, తపతీ నది సముద్రంలో సంగమించే చోట హజీరా పారిశ్రామిక వాడ ఉన్నది. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన నాబోటి ఇంజనీరుకు నత్రజని అనగానే క్రిభ్‌కో యూరియా కర్మాగారమే జ్ఞప్తికి వస్తుంది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను దానిని అమోనియాగా మార్చుటకు మనకు సహజవాయువు నుండి తీసిన హైడ్రోజన్, 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి, వాతావరణ పీడనానికి నూరు రెట్లకు మించిన ఒత్తిడి కావాలి.

ఇదే పనిని బీటి నేలల్లోని ముళ్లచెట్టు ఏ చప్పుడూ లేకుండా చేస్తున్నది. గుజరాతీలు దానిని 'గాండో బావళ్', అనగా పిచ్చి తుమ్మ అంటారు. మనకది సర్కారు తుమ్మ. దాని వేరు బుడిపెలలో నివసించే రైజోబియం సూక్ష్మజీవులు సాధారణ ఉష్ణోగ్రత వద్దనే నత్రజనిని స్థిరీకరిస్తాయి. అందుకు ప్రతిఫలంగా చెట్టు వాటికి చక్కెరలనిస్తుంది. పనిచేసే బుడిపెను చీల్చి చూస్తే లోపల గులాబి వర్ణం కనిపిస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దాయాది వంటి పదార్థం.

మా నెల్లూరు సీమ తీరంలోని సరుగుడు చిక్కుడు జాతికి చెందినది కాదు. అయినను ఫ్రాంకియా అనే మరొక సూక్ష్మజీవి సాయంతో ఇసుక నేలలో నిలదొక్కుకుంటుంది. మా నాయనగారు సరుగుడు కొట్టించినప్పుడు రాలిన ఆకును తోటలోనే ఉంచమనేవారు. పొయ్యిలోకి దానిని ఊడ్చుకొని పోవలసిన పేద స్త్రీలు బ్రతిమాలేవారు. ఇరువురి మాటా న్యాయమే. కలపతోబాటు ఆకు కూడా తరలిపోతే చెట్టు కూడబెట్టిన నత్రజనిలో నేలకు దక్కేది స్వల్పం. జమాఖర్చుల లెక్క ఎక్కడైనా ఒక్కటే గదా!

హవాయి దీవులలో నత్రజని కొరవడిన నేలల్లో యూకలిప్టస్‌తో అల్బీజియాను కలిపి నాటగా, యూకలిప్టస్ ఒంటరిగా పెరిగిన దానికంటె బాగుగా ఎదిగినది. అయితే ఆ అల్బీజియాయే అక్కడి అడవులను ఆక్రమించినది. కచ్ జిల్లాలోని బన్నీ బయళ్లలో ఉప్పునేల విస్తరణను అరికట్టుటకు 1960ల ఆరంభంలో నాటిన గాండో బావళ్ కూడా పశువులకాధారమైన గడ్డిని అణచివేసినది. సుబాబుల్‌నే నమ్ముకొని ఏకరీతిగా పెంచిన తోటలను 1980ల చివర సిల్లిడ్ పురుగు పీడించినది.

కనుకనే మా కాలనీ వనమహోత్సవానికి, త్వరగా పెరుగుతుందని సుబాబుల్ ఒక్కటే నాటుదామన్న సూచన వచ్చినప్పుడు నేను అంగీకరింపలేదు. నత్రజనినిచ్చే కానుగను వేప, నేరేడుల నడుమ నాటాలని, రాలిన ఆకును తగులబెట్టక పాదులలోనే వేయాలని కోరాను. ఆకు కుప్పలలో పాములు చేరతాయని కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పారు. ఇండ్లకు దూరంగా ఉన్న వరుసలకే దానిని పరిమితం చేద్దామని ఒప్పందానికి వచ్చాము.

యంత్రాన్ని నెలకొల్పేటప్పుడు దాని సామర్థ్యంతోబాటు దానిని ఆపే మార్గం కూడా చూసుకుంటాము. చెట్టును నాటేటప్పుడూ ఆ పాటి విచక్షణ అవసరమని సహోద్యోగులకు నా మనవి.