మేకులు, త్రాళ్లు, ఒక గంట



థామస్ అనే నీలం రంగు రైలింజను మన పిల్లల ఫోన్లలో, స్కూలు బ్యాగుల మీద కూడా కనిపిస్తుంది. ఆ కథలు మొదలుపెట్టింది ఒక దైవసేవకుడని చాలామందికి తెలియదు. ఆయన ఇంగ్లాండులోని ఆంగ్లికన్ సంఘానికి చెందిన విల్బర్ట్ ఆడ్రీగారు. మొదటి పుస్తకం 1945లో వచ్చింది. ఆయన కథలు రాయడంతో ఆగలేదు. చిన్న రైలుమార్గాలు స్వయంగా కట్టి, ప్రదర్శనలకు మోసుకెళ్ళేవారు. అదే సంఘానికి చెందిన పీటర్ డెన్నీగారు బకింగ్‌హామ్ ఊరి పేరుతో కట్టిన మోడల్ రైల్వే కూడా ఈ విద్య తెలిసినవారిలో చాలా పేరుపొందింది. అసలు రైలులో ఒక అడుగు ఉన్నది వీటిలో 4 మిల్లీమీటర్లు. పాస్టర్లకు ఈ పని ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. మేమూ నవ్వాము, నవ్వుతూనే చదువుతూ పోయాము.

ప్రదర్శనలో జనం చూసేది ముందు వైపే: స్టేషను, చెట్లు, కదిలే బండి. వెనుక నిలబడి నడిపేవారి అవసరాలు వేరు. వారికి కావలసిన చిన్న చిన్న సాధనాలు కొన్ని అంగడిలో దొరకవు, దొరికినా తమ బల్లకు సరిపోవు. అందుకే ఎవరికి వారు చేసుకుంటారు. రెండు వ్యాగన్ల మధ్య కొక్కెం విప్పడానికి సన్నని తీగ వంచి పుల్లకు బిగిస్తారు. ఆ కొసకు బుల్లి టార్చి కట్టుకునేవారూ ఉన్నారు, హాలు వెలుతురులో ఆ కొక్కెం కనబడదు మరి. ఏ బండి తర్వాత ఏది కదలాలో అట్టముక్కల మీద రాసి, రింగుకు గుచ్చి, ఒక్కొక్కటే తిప్పుకుంటారు. జనానికి కనబడని చోట బండి మొత్తాన్ని ఎత్తి అటునుంచి ఇటు తిప్పడానికి పొడవాటి చెక్క ఒకటి ఉంటుంది. దాని మీద బిగించిన రెండు అల్యూమినియం బద్దలే దానికి పట్టాలు. ఊరు మారేటప్పుడు బల్లలను ముఖాముఖి నిలిపి, చెట్లూ ఇళ్ళూ నలగకుండా చివర్ల పలకలు బిగిస్తారు. మళ్ళీ కలిపినప్పుడు పట్టాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అందుకని ఒక బల్ల అంచున మేకు, రెండో దాని అంచున దానికి సరిపడే గుంట.

మేకు అనగానే మాకు సంఖ్యాకాండము 4వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. ప్రత్యక్షపు గుడారం కూడా విప్పి, మోసి, మళ్ళీ నిలపవలసినదే కదా. మందసము కహాతీయులకు దక్కింది. పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు మెరారీయుల వంతు. వాటిని పేరుపేరున లెక్కించి అప్పగించమని ఆజ్ఞ. ఆ సేవకు 30 మొదలు 50 ఏళ్ళ మగవారు 3,200 మంది. 7వ అధ్యాయంలో వారికి 4 బండ్లు, 8 ఎద్దులు ఇచ్చారు, గెర్షోనీయులకు అందులో సగమే. బరువు తెలిసినవాడు వేసిన లెక్క అది. మందసము మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. మేకు మీద ఒక్కటీ వినలేదు.

డెన్నీగారి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన రైల్వేలో గ్రాండ్‌బరో జంక్షన్ స్టేషను పని కుమారుడు క్రిస్పిన్ చూసేవాడు. ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు కబురు గంటతోనే, నిజం రైల్వేలోలాగే. బ్రిటిష్ పద్ధతిలో ఒక దెబ్బ అంటే 'విను'. నాలుగు దెబ్బలంటే 'ఎక్స్‌ప్రెస్ పంపనా?' అవతల నుంచి అవే నాలుగు తిరిగి వినబడితే 'పంపు'. రెండు కొడితే బండి బయలుదేరినట్టు. కొడుకు అందుబాటులో లేని వేళలకని ఆ తండ్రి ఒక యంత్రం తయారుచేశారు. గంటకు గంటతో బదులిస్తూ ఆ స్టేషను పని అదే చేసేది. దాని పేరు ఆటోమేటిక్ క్రిస్పిన్.

ఆ పేరు దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. సరదాకే పెట్టి ఉండవచ్చు. బిడ్డలను దూరం పంపిన ఇళ్ళల్లో మాత్రం ఆ పేరు సరదాగా వినబడదు.

ఇప్పుడు మన మందిరం సంగతి. డోలక్ వాయించే తమ్ముడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాడు. అతనికి ముందు తబలా వాయించిన అన్న కువైట్‌లో ఉన్నాడు. పెద్దలు రిథమ్ ప్యాడ్ కొందామంటున్నారు. వద్దని మేము అనము. తాళం తప్పదు, జ్వరమొచ్చిందని మానదు. అయితే పాట మధ్యలో ముసలమ్మల గొంతు వెనకబడితే ఆ తమ్ముడి చెయ్యి దానంతట అదే నెమ్మదించేది. ప్యాడ్‌కు అది చేతకాదు.

ఆటోమేటిక్ క్రిస్పిన్ సంగతి ఆదివారపు బడిలో చెప్తే, ప్యాడ్ మీద ఆ తమ్ముడి పేరు రాసి అంటిస్తామని పిల్లలు పట్టుబట్టారు. పెద్దలు నవ్వారు, మేము సరే అన్నాము. దూరాన ఉండి ఇది చదువుతున్న మీలో క్రిస్మస్‌కు ఊరికి వచ్చేవారు ముందుగా ఒక మాట చెప్పండి. డోలక్ బీరువా మీదే ఉంది. మొన్ననే దించి చూశాము, తోలు ఇంకా బిగువుగానే ఉంది.